ఈగలకు తెరిచిన దుకాణం

ఆ శ్రావణమాసం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఇరవై ఆడగొర్రెలు, ఒక పాత మోటారుసైకిలు, ఎండుచేపల వ్యాపారంలో పద్నాలుగేళ్ళ అనుభవం, గొర్రెల పెంపకంలో సున్నా.

కళింగపట్నం ఒడ్డున చేపలు కొని, ఎండబెట్టించి, చీపురుపల్లి సంతలో అమ్మేవాణ్ణి. మోకాళ్ళు రోజంతా నిలబడటానికి ఒప్పుకోకపోవడంతో ఆ వ్యాపారం తమ్ముడికి అప్పగించి, చేతికి వచ్చిందంతా గొర్రెల మీద పెట్టాను. మా ఆవిడ ధనలక్ష్మి, "సేప పారిపోదు, గొర్రె పారిపోతాది. ఆలోసించుకో" అంది. ఆలోచించుకునే పెట్టాను. గొర్రె పిల్లను ఈనుతుంది. ఎండుచేపను ఎన్నాళ్ళు దాచినా పిల్లను ఈనదు.

నిండుచూలుతో ఉన్న ఆ ఇరవైనీ మేపడానికి దాలమ్మకు ఇచ్చాను. చీపురుపల్లికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, కొండ కింద ఊరు ఆమెది. మొగుడు నరసింగరావు గొర్రెల్ని కొండకు తోలుకెళతాడు. దొడ్డి, పిల్లలు, మందూమాకూ, మాట, అన్నీ దాలమ్మవి. మా ఒప్పందం ఆ చుట్టుపక్కల అందరూ చేసుకునేదే. తల్లులు నావి, మేత వాళ్ళది, పుట్టిన పిల్లలు చెరిసగం. దాలమ్మకు వేరే జీతం లేదు. ఆమె వాటాకు వచ్చే పిల్లలే ఆమె ఏడాది కూలి.

పది రోజుల్లో పద్దెనిమిది పిల్లలు పుట్టాయి. నేను ఎగిరి గంతేశాను, ఆ వెంటనే నా వ్యాపారపు బుర్ర ఒకచోట ఆగింది. పిల్లల్ని పంచుకునేది పాలు మానాక, మూడు నాలుగు నెలలకు. ఈలోగా రెండు చస్తే ఎవరి వాటాలోంచి పోయినట్టు? సంతలో గొర్రెలు మేపుకిచ్చినవాళ్ళను అడిగాను. అందరిదీ ఒకటే మాట: చచ్చినవన్నీ యజమానివి అవుతాయట, బతికినవన్నీ మేపినవాళ్ళవి అవుతాయట.

గురువారం కొత్త బ్లేడు కొనుక్కుని దొడ్డికి వెళ్ళాను. ఇప్పుడే పంచుకుందాం, నా తొమ్మిదింటికీ ఎడమ చెవి చివర కోసి గుర్తు పెడదాం అన్నాను.

చెవి కోసి గుర్తు పెట్టడం వాళ్ళకు కొత్త కాదు. ప్రతి ఇంటికీ ఒక కోత ఉంటుంది. మందలు కలిసిపోయినా చెవి చూసి ఎవరివి వాళ్ళు విడదీసుకుంటారు. కానీ దాలమ్మ బ్లేడు వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"వానల్లో సెవి కోయకూడదు సావుకారూ. దీపావళి ఎల్లనీ. సలి పడ్డాక కోద్దుం."

"అంతవరకూ ఏది ఎవరిదో ఎలగ తెలుస్తాది?"

"నీ వాటికి ఎర్రగుడ్డ కడతాను మెడకి."

"ఊడిపోతే?"

"మళ్ళీ కడతాను."

"ఏ పిల్లకి కడతావు?"

ఆ మాట నోరు దాటాక గాని అది ఎలా వినిపించిందో నాకు తెలియలేదు. దాలమ్మ చేతిలో గడ్డికట్ట కింద పెట్టింది.

"ఓహో. సచ్చిన పిల్ల మెడకి నీ గుడ్డ కడతాననా? సరే కొయ్యి. నానే పట్టుకుంటాను."

పట్టుకుంది కూడా. నాకొకటి, నీకొకటి అని వరసగా తీస్తూ, నా వంతు వచ్చిన ప్రతి పిల్లనూ ఒళ్ళో పెట్టుకుని చెవి చాపి పట్టింది. పైన సన్నగా తుంపర. తొమ్మిది చెవులు కోశాను. చివరిది వదిలాక లేచి చీర దులుపుకుంది.

"ఇయాల నుంచి నీది సస్తే నీది, నాది సస్తే నాది. ఇవి పాలు మానగానే నీ ఇరవయ్యీ నువ్వు తోలుకుపో. అనుమానం ఉన్న సోట నాను మేపను."

బైకు మీద తిరిగి వస్తూ, పంపకం బాగానే కుదిరిందని నాకు నేను చెప్పుకున్నాను. పాలు మానేలోపు దాలమ్మ కోపం తగ్గుతుందిలే అనుకున్నాను. ఎందుకంటే ఆ ఇలాకాలో ఆమెలా పిల్లల్ని బతికించేవాళ్ళు లేరు, అది సంతలో అందరికీ తెలుసు. ఆమె నా గొర్రెల్ని వదిలేస్తే నాకు మిగిలేది ఇరవై గొర్రెలు, వాటి వెనకాల పరిగెత్తలేని రెండు మోకాళ్ళు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఫోను మోగింది.

"సావుకారూ, బేగి రా. నీ పిల్లలకి పురుగు పడినాది."

"ఎన్నిటికి?"

"లెక్క తరవాత. ముందు రా!"

సగం దారిలో గాని నాకు తట్టలేదు. ఆమె పెట్టిన షరతు ప్రకారం ఆమె నాకు ఫోను చేయాల్సిన అవసరమే లేదు.

దొడ్డిలో ఐదు పిల్లలు మిగతావాటికి దూరంగా, తలలు వాల్చి నిలబడ్డాయి. తల్లి పిలుస్తున్నా పాలకు పోవడం లేదు. ఉండుండి తల విదిలిస్తున్నాయి. ఒకదాన్ని పట్టుకుని చెవి చూశాను. కోత మీద చీము లేదు, నెత్తురు లేదు. కోత కదులుతోంది.

పద్నాలుగేళ్ళు నేను ఒకే సూత్రం మీద బతికాను. తడి చేప మీద ఈగ వాలుతుంది, ఎండిన చేప మీద వాలదు. ముసురు పట్టిన రోజున చేపను బయట పరిచే కూలివాడిని తిట్టి పంపేసేవాణ్ణి. అంత తెలిసినవాణ్ణి, ముసురులో తొమ్మిది పచ్చి గాయాలు నా చేత్తో పరిచి ఇంటికి పోయి పడుకున్నాను.

ఊరి రైతు కేంద్రంలో పశువైద్య సహాయకురాలు శాంతి. ఫోను చేస్తే పది నిమిషాల్లో స్కూటీ మీద వచ్చింది. చర్చికి బయలుదేరిందట, తెల్లచీర కట్టుకుని ఉంది.

"ఆరాధన పదింటికి," అంది సంచి విప్పుతూ. "నాకు గంటన్నర ఉంది. తిరుమలరావు గారూ, మీరు కాళ్ళు పట్టుకోండి. దాలమ్మత్తా, నువ్వు తల. ఎవరూ కబుర్లాడొద్దు."

గాయం చుట్టూ బొచ్చు కత్తిరించి, టర్పెంటైను తడిపిన దూది కాసేపు అద్దింది. ఆ ఘాటుకు పురుగులు తలలు బయటకు పెట్టాయి. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ లాగి సబ్బునీళ్ళ డబ్బాలో వేస్తోంది. నేను ఊరికే ఉండలేను కదా.

"ఇరవై మూడు!" అన్నాను మొదటి పిల్ల అయ్యాక.

రెండోదానికి నలభై ఒకటి. మూడోదానికి నా గొంతు నాకే తెలియకుండా లేచిపోయింది. "అరవై రెండు... అరవై మూడు... అరవై నాలుగు!"

"సంతలో పాట పెట్టినావేటి సావుకారూ!" అని దాలమ్మ కసిరింది. "కాలు జారిపోతన్నాది, పట్టు!"

నా వాటాలో మిగిలిన నాలుగింటికి పురుగు లేదు గాని, కోత అంచున నూకల్లా తెల్లగా ఏవో అంటుకుని ఉన్నాయి. శాంతి దువ్వెనతో వాటిని దువ్వి నా అరచేతిలో పోసింది.

"గుడ్లు. ఒక్కరోజు కూడా ఆగవు, పురుగులైపోతాయి. గుడ్డప్పుడైతే దువ్వెన చాలు. పురుగయ్యాక పట్టకారు కావాలి. లోపలికి దిగిపోయాక ఏదీ చాలదు. పగలు మూడుసార్లు ప్రతి పిల్లనూ తిప్పి చూడాలి. చెవి, బొడ్డు, తోక కింద. ఏ పిల్లనూ వదలకూడదు."

దాలమ్మ అప్పటికే సీతాఫలం ఆకు నూరి ముద్ద తెచ్చింది. కళ్ళకు తగలకుండా గాయాల మీద పెట్టమంది శాంతి. చుట్టూ వేపనూనెలో కర్పూరం కలిపి రాశాం. ఐదో పిల్ల అన్నిటికంటే చిన్నది. దాని చెవి కోతలోంచి పురుగు లోపలి రంధ్రంలోకి దిగిపోయింది. శాంతి దాని దగ్గర చాలాసేపు కూర్చుంది, ఇంజెక్షను చేసింది.

లేచేసరికి తెల్లచీర మోకాళ్ళ వరకూ బురద.

"పాస్టరు గారు అడిగితే ఏటి సెప్తావే?" అంది దాలమ్మ.

"గొర్రెపిల్లల దగ్గర నుంచి వస్తున్నానంటే ఆయన ఇంకేం అడగరత్తా," అని స్కూటీ తీసింది శాంతి.

సోమవారం మధ్యాహ్నం ఆ చిన్నపిల్ల చచ్చిపోయింది. నేను కోసిన ఎడమ చెవితో, నా వాటాలో. ఎవరినీ అడగాల్సిన పని లేదు. లెక్క నేను కోరుకున్నంత స్పష్టంగా ఉంది.

ఆ కసితోనే నాకు ఒక ఆలోచన వచ్చింది. దువ్వెనతో గుడ్లు దువ్వుతూ కూర్చుంటే ఈగ మళ్ళీ పెడుతూనే ఉంటుంది. ఈగనే పట్టాలి. ఈగకు ఏం కావాలో నాకంటే ఎవరికి బాగా తెలుసు? తమ్ముడికి ఫోను చేసి ఒక బకెట్టు చేప పేగులు, తలలు పంపించమన్నాను. నాలుగు పెద్ద ప్లాస్టిక్ సీసాల మూతి భాగం కోసి, తలకిందులుగా అదే సీసాలో దూర్చాను. లోపలికి దారి వెడల్పు, బయటకు దారి సన్నం. అడుగున చేప పేగులు, కాసిని నీళ్ళు. దొడ్డి నాలుగు మూలల గుంజలకూ కట్టాను.

గంటలో సీసాల్లో ఈగలు గుయ్యిమంటున్నాయి. నాకు సంతోషం పట్టలేదు. "సూడప్పా, వందకి తక్కువ ఉండవు!" అని దాలమ్మకు చూపించాను. మా వైపు అప్ప అంటే అక్క. దాలమ్మ సీసా వైపు చూడలేదు. దొడ్డి పైకి చూసింది. సీసాలో వంద ఉంటే, సీసాలో చోటు దొరకనివి వెయ్యి ఉన్నాయి.

మంగళవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆమె ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చెవులు రెండూ నిండుగా ఉన్న పిల్ల, ఆమెది. అన్నిటికంటే ఆఖరున పుట్టింది. బొడ్డు ఇంకా సరిగ్గా ఆరలేదు. ఆ బొడ్డులో పురుగు పడింది.

ఆమె అరిచి ఉంటే నాకు హాయిగా ఉండేది. అరవలేదు.

"పెళ్ళిబోయినం పెట్టినావు కదా. ఊరూరి ఈగలూ వచ్చీసినాయి."

"అప్పా..."

"నాకు ఏడాదంతటికీ ఈ తొమ్మిదే. నీకు తల్లులున్నాయి, ఇల్లున్నాది, తమ్ముడి దగ్గర సేపలున్నాయి."

"ఇది పోతే నా వాటాలోంచి ఒకటి నీది."

"ముందు నీ వాటాలో బతికినవి ఉండనీ, తరవాత ఇద్దువు గాని."

శాంతి వచ్చి పని మొదలుపెట్టింది. ఈసారి నేను పురుగులు లెక్కపెట్టలేదు. సీసాలు విప్పడానికి గుంజ దగ్గరకు వెళ్ళాను. అక్కడ నరసింగరావు గొర్రెల్ని తోలే ముందు బీడీ కాల్చుకుంటున్నాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ ఆయన. బీడీ పొగ ఆయన మొహం మీద నుంచి, దొడ్డి మీదుగా, తూర్పున ఉన్న బీడు వైపు తిన్నగా పోతోంది. చూస్తూ నిలబడిపోయాను.

"ఏటి, బీడీ కావాలా?" అన్నాడు.

"బావా, గాలి రోజూ ఇలాగే వీస్తాదా?"

"ఈ నెలంతా పడమటి గాలే."

ఈగ వాసన పట్టుకుని గాలికి ఎదురుగా వస్తుంది. ఎండుచేపల కళ్ళంలో ఎన్నిసార్లు చూశాను! అంటే మా దొడ్డికి వచ్చే ఈగ తూర్పు నుంచి, ఆ బీడు దాటుకుని వస్తోంది. నేను దుకాణం ఎక్కడ పెట్టాను? దొడ్డిలోనే! కొనడానికి వచ్చినవాళ్ళందర్నీ ఇంటి లోపలికి పిలిచాను. దుకాణం ఉండాల్సింది వాళ్ళు వచ్చే దారిలో, బజారు మొగలో. అక్కడే కడుపు నింపుకుని అక్కడే ఉండిపోవాలి.

సీసాలు పట్టుకుని పరిగెత్తాను. మోకాళ్ళ సంగతి గుర్తు కూడా రాలేదు. దొడ్డికి తూర్పున రెండు వందల అడుగులు కొలిచి, బీడులో వరసగా కర్రలు పాతి, నాలుగు సీసాలు నాలుగు చోట్ల కట్టాను. సరిపోవనిపించింది. ఊళ్ళోకి వెళ్ళి కిరాణా కొట్లో ఖాళీ సీసాలన్నీ అడిగి తెచ్చి, మధ్యాహ్నానికి పన్నెండు చేశాను.

దాలమ్మ తడిక మీద నుంచి చూస్తోంది. "ఈపాలి ఏ ఊరి ఈగల్ని పిలస్తన్నావు?"

"అవే అప్పా, అవే! ఇంటిదాకా రాకుండా దారిలోనే బేరం తేల్చీస్తన్నాను!"

ఆమె నవ్వలేదు, కానీ పనిలో నాకంటే ముందే ఉంది. నరసింగరావు కొట్టి తెచ్చిన వెదుళ్ళు చీల్చి, జానెడు ఎత్తున, మధ్యలో సందులుండేలా మంచె కట్టి పిల్లల్ని దాని మీదకు ఎక్కించింది. పేడ, ఉచ్చ కిందకు జారిపోతాయి, ఒళ్ళు పొడిగా ఉంటుంది. తోకల కింద పేడ అంటిన బొచ్చంతా కత్తిరించింది. మంచె కింద నేల మీద బూడిద, సున్నం చల్లాం. సాయంత్రం ఐదింటికి బీడులోకి వెళ్ళి చూస్తే పన్నెండు సీసాలూ నల్లగా ఉన్నాయి!

"నిండిపోనాయి! అప్పా, నిండిపోనాయి!" అని అక్కడి నుంచే అరిచాను. పొలం గట్టు మీద పోతున్నవాళ్ళు నాకు లాటరీ తగిలిందనుకుని ఉంటారు.

ఆ రోజు నుంచి మా మధ్య పోటీ. నేను సీసాలు ఖాళీ చేసి ఈగల్ని గోతిలో పూడుస్తాను, చేప పేగులు మారుస్తాను. ఆమె పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం పదిహేడు పిల్లల్నీ తిప్పి దువ్వుతుంది. చెవి కోసినవీ కోయనివీ అని తేడా పెట్టలేదు. ఆమె పెట్టిన షరతు గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను. మంగళవారం ఏడు పిల్లల మీద గుడ్లు దొరికాయి. బుధవారం నాలుగింటి మీద. గురువారం రెండే. శుక్రవారం ఒకటి, అదీ తోక కింద. ప్రతి సాయంత్రం ఆమె అంకె చెప్పేవరకూ తడిక దగ్గరే తచ్చాడేవాణ్ణి. చేపల వేలంలో కూడా ఒక అంకె కోసం అంతలా ఎదురుచూసింది లేదు.

కానీ ఆ బొడ్డు పిల్ల లేవడం లేదు. తల్లి పాలు పిండి, సీసాతో పోస్తున్నాం. సగం మింగుతోంది, సగం కారిపోతోంది. శాంతి రోజూ వచ్చి గాయం కడిగి, కట్టు మార్చి వెళుతోంది. "లోపలికి దిగలేదు. పాలు తాగితే బతుకుతుంది. తాగకపోతే నా చేతిలో ఏమీ లేదు" అని చెప్పింది. దాలమ్మ దాన్ని కొంగులో చుట్టుకునే అన్ని పనులూ చేస్తోంది.

శనివారం వారం రోజుల తరవాత ఎండ కాసింది. మధ్యాహ్నం నేను బీడులో సీసాలు కడుగుతున్నాను. దొడ్డిలోంచి కేక వినబడింది.

"సావుకారూ! ఒరే తిరుమలరావూ! బేగి రా!"

నా పేరు పెట్టి, ఒరే అని, ఆమె ఎప్పుడూ పిలవలేదు. అయిపోయింది అనుకున్నాను. సీసా అక్కడే పారేసి, గట్టు మీద ఒకసారి పడి, లేచి పరిగెత్తాను.

ఆ పిల్ల నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి. తల్లి పొదుగును ముట్టెతో ఢీకొట్టి ఢీకొట్టి పట్టుకుని తాగుతోంది. తోక గిరగిరా తిరుగుతోంది.

"తాగతన్నాది!" అన్నాను.

"మరి సెప్పేదేటి? సూడు దాని తోక!"

"గుడ్లు? ఇయాల గుడ్లెన్ని?"

"సున్నా! పదిహేడు తిప్పాను, రెండుపాలి తిప్పాను, సున్నా!"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. శాంతికి ఫోను చేస్తే, మాట అర్థం కాకుండా ఇద్దరం ఒకేసారి అరుస్తుంటే, "ఒక్కొక్కరు మాట్లాడండి బాబూ, బతికిందా పోయిందా?" అని అవతల ఆమె కూడా అరిచింది. నరసింగరావు కొండ నుంచి వచ్చి సంగతి విని, పిల్లను చూసి, నన్ను చూసి, ఒక బీడీ తీసి నాకు ఇచ్చాడు. నేను కాల్చను. తీసుకున్నాను.

ఆ తరవాత ఇంకో మూడు వారాలు, వానలు తగ్గేవరకూ, దుకాణం మూయలేదు. గాయాలు మానాయి. కోసిన చెవులు వంకరటింకరగా మిగిలాయి.

కార్తీకంలో పాలు మాన్పించారు. ఆమె పెట్టిన గడువు అదే. నా ఇరవైనీ తోలుకుపోవడానికి ఇంకొక కాపరి కోసం రెండు ఊళ్ళు తిరిగాను. ఎవరి మీదా మనసు నిలవలేదు. చివరికి ఖాళీ చేతులతో దొడ్డికి వెళ్ళి, ముందుగా నా ఎనిమిదింటిలోంచి ఒక మంచి ఆడపిల్లను పట్టుకుని దాలమ్మ ముందు నిలబెట్టాను.

"ఇదేటి?"

"నీది. నా ఎనిమిదింటినీ బతికించింది నువ్వే. అది ఒప్పందంలో లేదు."

"నా తొమ్మిదీ నాకున్నాయి. నీ దానాలు నాకొద్దు." పిల్లను మెల్లగా నా వైపు తోసింది. "తల్లుల్ని ఎక్కడికి తోలుకుపోతన్నావు?"

"ఎక్కడికీ లేదు. అడగడానికే వచ్చాను. తప్పు నాదే అప్పా. నిన్ను అలగ అనకూడదు."

ఆమె నేను తెచ్చిన పిల్ల చెవి పట్టుకుని, వంకరగా మానిన కోతను నాకు చూపించింది.

"నీకు సెవి కోయడం తప్ప ఏటి వచ్చు? నాను కాదంటే వీటిని సంపీస్తావు. ఉండనీ. వచ్చే ఈతకి సచ్చినా బతికినా అన్నీ కలిపి ఉంచి, పాలు మానాకే పంచుకుందుం. సెవి దీపావళి ఎల్లాక నాను కోస్తాను. నువ్వు ఆ సీసాల పని సూసుకో. అది మాత్రం బాగా వచ్చు నీకు."

నేను తల ఊపాను. బేరం ఆడలేదు. నా జీవితంలో బేరం ఆడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

తేలిన లెక్క ఇది. పుట్టినవి పద్దెనిమిది, పోయింది ఒకటి, పాలు మానినవి పదిహేడు. దాలమ్మకు తొమ్మిది, ఆమె ఏడాది కూలి పూర్తిగా. నాకు ఎనిమిది. అందులో పోతులు మూడు, ఆడవి ఐదు. ఆ ఐదింటినీ అమ్మలేదు, మందలోనే ఉంచాను. ఇప్పుడు నాకు దాలమ్మ దొడ్డిలో గొర్రెలు ఇరవై ఐదు.